ఫుల్ మెటల్ పానిక్: స్కూల్ సీన్లు స్కిప్ చేసి చూడొచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఫుల్ మెటల్ పానిక్ అనే జపనీస్ యానిమే సిరీస్ మొదలుపెట్టారు, మొదటి ఎపిసోడ్ బాగుంది అనుకున్నారు, మూడో ఎపిసోడ్‌లో ఆ లోదుస్తుల దొంగతనం గొడవ చూసి చిరాకేసి ఆపేశారు, ఇప్పుడు స్కూల్ పార్ట్ అంతా స్కిప్ చేసి రోబోలు, మిలిటరీ ఉన్న ఎపిసోడ్లు మాత్రం చూస్తే సరిపోతుందా, నాలుగు సీజన్లలో ఫుమోఫు అనేది పూర్తిగా కామెడీ అంటున్నారు కదా దాన్ని వదిలేయొచ్చా అని. మెకా సిరీస్‌లు, అంటే మనుషులు నడిపే పెద్ద రోబోల కథలు, చిన్నప్పట్నుంచీ చూస్తున్న మనిషిగా, ఇది మాత్రం మళ్ళీ మళ్ళీ చూసిన మనిషిగా చెప్తున్నా, వదలొద్దు. స్కూల్ సీన్లు తీసేస్తే ఇందులో రోబో పనిచేయదు. మాట వరసకి అనట్లేదు, కథలో నిజంగానే పనిచేయదు, ఎందుకో కింద చెప్తా.

ముందు అసలు సంగతి కొంచెం. షోజీ గాటో అనే రచయిత 1998లో మొదలుపెట్టిన లైట్ నవలలు (జపాన్‌లో కుర్రకారు కోసం బొమ్మలతో వచ్చే తేలిక నవలలు) దీనికి మూలం, బొమ్మలు షికీ డోజీవి. మెయిన్ కథ 12 పుస్తకాలు, 2010లో అయిపోయింది. వీటికి పక్కనే స్కూల్ కామెడీ చిన్న కథలు వేరే పుస్తకాలుగా వచ్చాయి. అంటే సీరియస్, కామెడీ అనే రెండు దారులూ రచయిత మొదట్నుంచీ తెలిసే నడిపాడు, టీవీ వాళ్ళు రేటింగ్ కోసం తర్వాత అతికించింది కాదు. ఈ ప్రపంచంలో సోవియట్ యూనియన్ ఇంకా కూలలేదు, చైనా ఉత్తరం దక్షిణం అని రెండు ముక్కలైంది, కోల్డ్ వార్ సాగుతూనే ఉంది. మిథ్రిల్ అని ఏ దేశానికీ చెందని ఒక రహస్య సైనిక సంస్థ, టెర్రరిస్టుల మీద పనిచేస్తుంది. అందులో సార్జెంట్ సోస్కే సగారా, వయసు పదహారు పదిహేడు, చిన్నప్పట్నుంచీ తుపాకీ పట్టుకునే పెరిగాడు. అతన్ని టోక్యోలో జిందాయ్ హైస్కూల్‌కి స్టూడెంట్‌గా పంపిస్తారు, కానమే చిడోరి అనే అమ్మాయిని తనకి తెలియకుండా కాపాడాలి. కానమేకి తెలియకుండానే తన తలలో ఈ కాలానికి ఉండకూడని టెక్నాలజీ జ్ఞానం ఉంది, అలాంటి వాళ్ళని కథలో విస్పర్డ్ అంటారు, వాళ్ళ కోసం వేటాడే వాళ్ళు చాలామంది.

ఇప్పుడు స్కూల్ కామెడీ దగ్గరికి వద్దాం, మీకు పడనిది అదే కాబట్టి. ఫుమోఫు మొదటి ఎపిసోడ్‌లోనే ఒక సీన్ ఉంది. పొద్దున్నే స్కూల్‌కి వచ్చిన సోస్కే తన షూ లాకర్ దగ్గర ఆగుతాడు. ఎవరో తెరిచిన గుర్తు కనిపిస్తుంది. మామూలు స్టూడెంట్ అయితే తెరిచి చూస్తాడు. ఇతను వెనక్కి జరుగుతాడు, బాంబు ఉండొచ్చని లెక్కేస్తాడు, పేలుడు పదార్థం పెట్టి లాకర్నే పేల్చేస్తాడు. కాగితం ముక్కలు గాల్లో ఎగురుతుంటే తెలుస్తుంది, లోపల ఉన్నది లవ్ లెటర్ అని. కానమే వచ్చి కాగితపు విసనకర్రతో తల మీద ఒకటిస్తుంది. నవ్వొస్తుంది, నిజమే. కానీ సోస్కే మొహం చూడండి, ఆ మొత్తం సీన్‌లో అతను ఒక్కసారి కూడా నవ్వడు. అతనికి అది జోక్ కాదు. ఎవరో తెరిచిన పెట్టెని చేత్తో తెరిచిన వాళ్ళు చచ్చిపోయిన చోట పెరిగాడు కాబట్టి అతను చేసింది అతని లెక్కలో వంద శాతం కరెక్ట్. చుట్టూ ఉన్న చోటు మారింది, అతను మారలేదు, కామెడీ అంతా అక్కడే పుడుతుంది.

ఇప్పుడు మీరు ఆపేసిన చోటుకి రండి. మూడో ఎపిసోడ్ తర్వాత నాలుగు నుంచి ఏడు వరకు ఒకే కథ, స్కూల్ ట్రిప్‌కి వెళ్తున్న విమానం హైజాక్ అవుతుంది. అప్పటిదాకా క్లాస్‌లో అందరూ మిలిటరీ పిచ్చోడు అని నవ్విన కుర్రాడు, అదే అనుమానంతో, అదే లెక్కతో, అదే మొహంతో లేచి పనిలోకి దిగుతాడు. ఒక్క అలవాటు కూడా మార్చుకోడు. లాకర్ పేల్చిన బుర్రే ఇక్కడ ప్రాణాలు కాపాడుతుంది. కానమే మొహంలో అప్పుడు వచ్చే మార్పు చాలా ముఖ్యం, ఆ పిల్లకి మొదటిసారి అర్థమవుతుంది ఇతను నటించట్లేదు అని, ఇన్నాళ్ళూ తను తిట్టింది ఒక నిజమైన సైనికుడిని అని, ఆ సంగతి తెలిశాక ఆమెకి అతనంటే కాసేపు భయం కూడా వేస్తుంది. ఆ భయం కథలో చూపించడం నాకు చాలా నచ్చింది. హీరో గొప్పోడని తెలిసిన మరుక్షణం హీరోయిన్ కళ్ళల్లో ప్రేమ మెరిసే సిరీస్‌లు కావాల్సినన్ని ఉన్నాయి.

రోబోల సంగతి. వీటిని ఇందులో ఆర్మ్ స్లేవ్ అంటారు, ఏఎస్ అని పొట్టిగా. గుండం అనే పేరున్న పాత మెకా సిరీస్‌లో మొదటి రోబో ఎత్తు 18 మీటర్లు, ఈ ఆర్మ్ స్లేవ్‌లు సుమారు 8 మీటర్లు. ఈ ఒక్క తేడాతో యుద్ధం రూపమే మారిపోతుంది. 8 మీటర్ల మెషిన్ చెట్ల చాటున నక్కగలదు, బిల్డింగ్ మూల మీద ఒంగి చూడగలదు, మోకాలి మీద కూర్చుని గురి పెట్టగలదు. దీన్ని పెద్ద సైజు సైనికుడిలాగే వాడతారు, ట్యాంక్‌లా కాదు. లోపల కూర్చున్న మనిషి చెయ్యి కొంచెం వంచితే మెషిన్ చెయ్యి అంతకి కొన్ని రెట్లు వంగుతుంది, ఆ రెట్లు ఎంతో పైలట్ ముందే సెట్ చేసుకుంటాడు. అందుకే సోస్కే టీమ్‌లో ఉండే మావో నడిపే ఎం9 (మిథ్రిల్ వాడే ఏఎస్ మోడల్) కదలిక వేరు, అదే టీమ్‌లోని కర్ట్జ్ నడిపేది వేరు, చూస్తూ చూస్తూ ఉంటే నడిపేది ఎవరో నడకని బట్టే పట్టుకోవచ్చు. ఈసీఎస్ అని కంటికి కనపడకుండా చేసే వ్యవస్థ ఉంది, కానీ వర్షం పడితే, నీళ్ళు తగిలితే సరిగ్గా పనిచేయదు. ఇలాంటి చిన్న చిన్న పరిమితులు పెట్టుకుని, వాటిని మర్చిపోకుండా ఫైట్లు రాశారు. అవతల సోవియట్ తయారీ సావేజ్ అనే మోడల్ ఉంటుంది, కప్ప మొహంతో ఉండే మొరటు మెషిన్, చవక, గట్టిది, కాబట్టి ప్రపంచంలో ప్రతి చిన్న సైన్యం దగ్గరా, ప్రతి గెరిల్లా గుంపు దగ్గరా అదే. నిజ జీవితంలో సోవియట్ ఆయుధాలు అన్ని ఖండాలకీ ఎలా పాకాయో తెలిసిన వాళ్ళకి ఈ వివరం చూడగానే నమ్మకం కుదురుతుంది.

ఇక మొదట్లో అన్నా కదా స్కూల్ లేకపోతే రోబో పనిచేయదని. సోస్కే నడిపే అర్బలెస్ట్ అనే తెల్ల మెషిన్‌లో లాంబ్డా డ్రైవర్ ఉంటుంది. పైలట్ మనసులో ఉన్న గట్టి సంకల్పాన్ని అది బలంగా మారుస్తుంది, ఎదురొచ్చే గుండుని ఆపగలదు, మామూలు ఆయుధానికి లొంగనిదాన్ని పగలగొట్టగలదు. ఇంజనీరింగ్ పరంగా మాయే, కాదనను. కానీ దీన్ని ఎవరి చేతికిచ్చారో చూడండి. చిన్నప్పట్నుంచీ ఆర్డర్ వస్తే చేయడం తప్ప తనకంటూ ఏం కావాలో ఎప్పుడూ తనని తాను అడగని కుర్రాడి చేతికి. అతనికి అన్నీ వచ్చు, కోరుకోవడం రాదు. అందుకే అది అతనికి సరిగ్గా పలకదు, ఒకసారి పనిచేస్తుంది పదిసార్లు మొరాయిస్తుంది, అతనికి ఆ మెషిన్ అంటే అసహ్యం పుడుతుంది, సైనికుడు నమ్మలేని ఆయుధం ఆయుధమే కాదంటాడు. మరి కోరుకోవడం ఎక్కడ నేర్చుకుంటాడు? క్యాంటీన్ దగ్గర బ్రెడ్ కోసం తోసుకోవడంలో, స్కూల్ ఫెస్టివల్ పనుల్లో, కానమే వండిపెట్టిన అన్నం తినడంలో, పరీక్షలకి తన్నుకులాడి చదవడంలో. మీరు స్కిప్ చేద్దామనుకుంటున్నవి సరిగ్గా అవే.

సీజన్ల వారీగా నా అభిప్రాయం చెప్తా.

మొదటిది గొంజో స్టూడియో, దర్శకుడు కోయిచి చిగిరా, 24 ఎపిసోడ్లు. 2001 చివర్లోనే రావాల్సింది, సెప్టెంబర్ 11 దాడుల తర్వాత వాయిదా పడి 2002 జనవరిలో మొదలైంది. విమానం హైజాక్ కథ కదా మరి. సోస్కే పెరిగిన దేశం నవలలో అఫ్ఘానిస్తాన్, టీవీలో హెల్మజిస్తాన్ అని ఊహా దేశం చేశారు. యానిమేషన్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, కొన్ని చోట్ల మొహాలు తేడాగా కనిపిస్తాయి, డిజిటల్‌కి మారుతున్న రోజుల పనితనం. హైజాక్ కథ బాగుంటుంది, తర్వాత వచ్చే బెహెమోత్ కథలో దాదాపు 40 మీటర్ల రాక్షసి మెషిన్ టోక్యో రేవులో లేచి నిలబడే దృశ్యం, పక్కన మామూలు ఏఎస్‌లు చిన్నగా కనిపించడం భలే ఉంటుంది. కానీ మొదటి సీజన్‌లో అసలైన బలం 15, 16, 17 ఎపిసోడ్లు. సోస్కే తన పాత దేశానికి మిషన్ మీద వెళ్తాడు, అక్కడ అతన్ని కషీమ్ అని పిలిచేవాళ్ళు. మెకా సిరీస్‌లో ఇసుక, దుమ్ము, ఎండ, పక్కనున్న వాళ్ళు ఒక్కొక్కరే రాలిపోవడం, అన్నీ ఇంత పొడిగా చూపించడం అరుదు. ఈ మూడూ చూశాక మళ్ళీ స్కూల్ ఎపిసోడ్‌కి వస్తే సోస్కే క్లాస్‌రూమ్‌లో కిటికీ పక్కన కూర్చోవడం కూడా వేరేగా కనిపిస్తుంది. చివరి కథ మిథ్రిల్ సబ్‌మెరైన్ లోపల, సోస్కే పాత శత్రువు గౌరోన్ దాన్ని లోపల్నుంచి చేజిక్కించుకోవడానికి చూస్తాడు, అక్కడ కథ కొంచెం సాగింది అనిపిస్తుంది, సర్దుకుపోండి.

రెండోది ఫుమోఫు, 2003, 12 ఎపిసోడ్లు. క్యోటో యానిమేషన్ మెయిన్ స్టూడియోగా చేసిన మొదటి టీవీ సిరీస్ ఇదే, దర్శకుడు యసుహిరో తకెమోటో. ఇందులో ఒక్క మెకా ఫైట్ కూడా ఉండదు, యుద్ధం ఉండదు, గౌరోన్ ఉండడు. స్కూల్, కానమే, సోస్కే. పువ్వుల్లాంటి మెత్తటి రగ్బీ టీమ్‌కి సోస్కే కమాండో ట్రైనింగ్ ఇచ్చే ఎపిసోడ్ ఒకటి ఉంది, టీ తాగుతూ కబుర్లు చెప్పుకునే ఆ పిల్లలు చివరికి ఏమవుతారో చూసి పొట్ట పట్టుకుని నవ్వుతారు, ఆ వెంటనే లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది కూడా, ఎందుకంటే సోస్కేకి చిన్నప్పుడు జరిగింది కూడా సరిగ్గా ఇదే కదా. ఆ మాట ఎవరూ పైకి అనరు. ఇంకా బొంటా కున్ అని పార్కులో తిరిగే బొమ్మ వేషం, లోపల్నుంచి ఏం మాట్లాడినా బయటికి ఫుమోఫు అనే వినపడుతుంది, సోస్కే దాన్ని పూర్తి స్థాయి కవచంగా మార్చేస్తాడు. టైమింగ్ అంటే ఏంటో తకెమోటో దగ్గర నేర్చుకోవాలి. జోక్ అయ్యాక ఒక అర సెకను అలాగే వదిలేస్తాడు, మొహాల మీద, మాట లేకుండా. సోస్కేకి గొంతు ఇచ్చింది తొమోకజు సెకి, జీ గుండం అనే ఇంకో మెకా సిరీస్‌లో గొంతు చించుకుని అరిచే హీరో డొమోన్‌కి ఇచ్చింది కూడా ఈయనే, ఇక్కడ మాత్రం ఒకే స్థాయిలో, వార్తలు చదివినట్టు మాట్లాడతాడు. కానమేకి సత్సుకి యుకినో. వీళ్ళిద్దరి మాటల వేగం కోసమైనా జపనీస్ ఆడియో, సబ్‌టైటిల్స్‌తో చూడండి.

మూడోది సెకండ్ రెయిడ్, 2005, 13 ఎపిసోడ్లు, అదే తకెమోటో, అదే క్యోటో. నా వరకు మొత్తం సిరీస్‌లో ఇదే శిఖరం. (ఇక్కడ కథ కొంచెం బయటపడుతుంది, వద్దనుకుంటే ఈ పేరా, తర్వాతి పేరా దాటండి.) మిథ్రిల్ పై అధికారులు సోస్కేని కానమే కాపలా నుంచి తప్పిస్తారు. ఒక్క ఆర్డర్. అతను అలవాటు ప్రకారం పాటిస్తాడు, చెప్పకుండా వెళ్ళిపోతాడు. కానమే వెళ్ళి చూస్తే అతని అపార్ట్‌మెంట్ ఖాళీ. అప్పట్నుంచీ రెండు కథలు పక్కపక్కన నడుస్తాయి. ఒకపక్క కానమే, వెనక ఎవరో హంతకురాలు వస్తోందని పసిగట్టి రాత్రంతా ఒంటరిగా ఊళ్ళో పరిగెడుతూ, వర్షంలో తడుస్తూ, ఎదురు తిరిగి ఉచ్చు పన్నుతుంది. అక్కడ ఆమె ఆలోచించే పద్ధతి గమనించండి, ఎక్కడ దాక్కోవాలి, వెలుతురు ఎటు, తలుపు ఎటు, అంతా సోస్కే దగ్గర రోజూ చూసి, రోజూ తిట్టి, తెలియకుండానే నేర్చుకున్నది. ఫుమోఫులో అన్ని ఎపిసోడ్లూ ఆమె అతన్ని విసనకర్రతో కొట్టింది చూసి ఉంటేనే ఈ రాత్రి బరువు మీకు తెలుస్తుంది. ఇంకోపక్క సోస్కే హాంకాంగ్‌లో, పని వదిలేసి వీధుల్లో తిరుగుతుంటాడు. మంచం మీద కదల్లేకుండా పడున్న గౌరోన్, కానమే చచ్చిపోయింది అని చెప్తాడు. ఆ మాటతో సోస్కే లోపల ఏదో తెగిపోతుంది. దాదాపు మాటల్లేవు. రంగులు కూడా బూడిద రంగులోకి వెళ్ళిపోతాయి. మెకా సిరీస్ చూస్తున్నాం అన్న సంగతి మర్చిపోతాం.

తర్వాత కానమే హాంకాంగ్‌కి తనే వస్తుంది. అతని ముందుకొచ్చి మొదట చేసే పని కొట్టడం, తర్వాత తిట్టడం. ఏడ్చి కౌగిలించుకునే సీన్ రాసి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు, కానీ వీళ్ళిద్దరి భాష అది కాదు కదా, వీళ్ళ భాష ఆ స్కూల్ కారిడార్‌లో తయారైంది. ఆ తన్ను ఫుమోఫు నుంచి వచ్చిందే, అప్పుడు నవ్వించింది, ఇప్పుడు మనిషిని నిలబెట్టింది. ఆ తర్వాత అర్బలెస్ట్ ఎక్కితే లాంబ్డా డ్రైవర్ పలుకుతుంది, మొరాయించకుండా, అతను ఎలా అనుకుంటే అలా. ఎందుకు పలికిందో ఏ సైంటిస్టూ వివరించక్కర్లేదు, మనకి తెలుసు. కానమేని చూడకుండా రోబో ఎపిసోడ్లు ఏరుకుని చూసిన వాళ్ళకి మాత్రం ఇది అదృష్టవశాత్తూ పనిచేసిన మెషిన్‌లా కనిపిస్తుంది. నేను వదలొద్దు అంటున్నది ఇందుకే. ఈ సీజన్ తర్వాత 2006లో మిథ్రిల్ సబ్‌మెరైన్ కెప్టెన్ టెస్సా మీద ఒక విడి ఎపిసోడ్ వచ్చింది, తేలికగా ఉంటుంది, చూస్తే చూడండి.

తకెమోటో గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకెళ్ళలేను. 2019 జూలై 18న క్యోటో యానిమేషన్ స్టూడియోకి ఒకడు నిప్పు పెడితే 36 మంది చనిపోయారు, వాళ్ళలో ఆయన ఒకరు. ఈ రెండు సీజన్లు ఆయన చేతి పనే. నవ్వించే సీన్‌కి ఎంత శ్రద్ధ పెట్టేవాడో ఏడిపించే సీన్‌కీ అంతే శ్రద్ధ, ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ అనుకోలేదు. కొత్తవాళ్ళకి ఈ సిరీస్ చెప్పేటప్పుడు ఆయన పేరు కూడా చెప్పడం నేను బాధ్యత అనుకుంటా.

నాలుగోది ఇన్విజిబుల్ విక్టరీ. 13 ఏళ్ళ గ్యాప్ తర్వాత 2018లో, జీబెక్ స్టూడియో, దర్శకుడు కత్సుయిచి నకయామా, 12 ఎపిసోడ్లు, స్క్రిప్ట్‌లో గాటో స్వయంగా పనిచేశాడు. మొదట్లోనే కథ నేరుగా స్కూల్ మీదికే వస్తుంది. అమాల్గమ్ అనే శత్రు సంస్థ జిందాయ్ హైస్కూల్‌నే యుద్ధరంగం చేస్తుంది, కానమే ప్రాణ స్నేహితురాలు క్యోకోకి బాంబు కడతారు. ఇన్నాళ్ళూ సోస్కే అనవసరంగా బాంబు ఉందేమో అని అనుమానించిన ఆ కారిడార్లలోనే నిజంగా బాంబు. రచయిత కామెడీని ఎన్నేళ్ళు ఓపిగ్గా పేర్చాడో అప్పుడు తెలుస్తుంది, నాకు ఒళ్ళు జలదరించింది. కానమేని ఎత్తుకెళ్ళిపోతారు, అర్బలెస్ట్ ముక్కలైపోతుంది, విరిగిన స్కూల్‌లో క్లాస్‌మేట్ల ముందు నిలబడి సోస్కే తను ఎవరో ఒప్పుకుంటాడు. కొందరు కోపంతో ఊగిపోతారు, అడిగే హక్కు వాళ్ళకి ఉంది. ఆమెని వెనక్కి తెస్తానని అక్కడే మాటిస్తాడు. ఫుమోఫు చూడకుండా ఈ సీన్‌కి వస్తే ఆ మొహాలు ఎవరివో కూడా మీకు తెలియదు, ఏవో గుంపు అనుకుంటారు.

తర్వాత నమ్‌సక్ అనే ఊహా దేశంలో సోస్కే డబ్బులు పెట్టి చూసే ఏఎస్ పందేల్లో పాత సావేజ్ నడుపుతాడు, దానికి క్రాస్‌బో అని పేరు పెడతాడు. లాంబ్డా డ్రైవర్ లేదు, మాయ లేదు, తుప్పు పట్టిన మెషిన్, చేతి పనితనం. ఈ సీజన్‌లో మంచి ఫైట్లు ఇవే అని నా అభిప్రాయం, ఎందుకంటే ఎదుటివాడి బరువు, మోకాలి కీలు, నేల జారుడు, ఇలాంటివి లెక్కేసి గెలుస్తాడు. కంప్లైంట్లు కూడా ఉన్నాయి. రోబోలు ఎక్కువగా కంప్యూటర్ గ్రాఫిక్స్, చేత్తో గీసిన 2005 ఎం9 బరువు వీటికి లేదు. కొన్ని ఎపిసోడ్లలో పనితనం నీరసంగా ఉంది. నమీ అనే అమ్మాయి కథ నన్ను బాధపెట్టింది, అంత మంచి పాత్రని హీరో కోపం పెంచడానికి వాడుకున్నారు అనిపించింది, నవలలో ఉన్నదే అయినా సరే. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, కథ పూర్తవ్వదు. కొత్త మెషిన్ లేవతీన్ దిగి పోరాటం మొదలయ్యాక ముఖ్యమైన భాగమంతా నవలల్లోనే ఉండిపోయింది.

ఫ్యాన్ సర్వీస్, అంటే ప్రేక్షకుల కోసం కావాలని పెట్టే శృంగారపు సీన్ల గురించి కూడా నిజాయితీగా చెప్పాలి, మీకు చిరాకేసింది అన్యాయం కాదు. మూడో ఎపిసోడ్ లాంటివి, వేడి నీటి స్నానాల ఎపిసోడ్లు, 2000 తొలినాళ్ళ అలవాట్లు, కొన్ని ఈరోజు చూస్తే ఎబ్బెట్టుగా ఉంటాయి. ఇంట్లో అందరూ ఉన్న హాల్లో టీవీలో పెట్టకండి. పదహారేళ్ళ టెస్సా సబ్‌మెరైన్ కెప్టెన్ కావడం, ఆమెకి సోస్కే మీద ఇష్టం, ఆ ముక్కోణం నాకెప్పుడూ పెద్దగా ఆసక్తి కలిగించలేదు, కానీ కెప్టెన్‌గా ఆమె కుర్చీలో కూర్చుని జడ కొస పట్టుకుని ఆలోచించే సీన్లు వేరే స్థాయి.

ఇదే తరహా వేరే సిరీస్‌లు కూడా అడిగారు కాబట్టి తొందరగా చెప్తా. కోడ్ గియాస్ 2006లో సన్‌రైజ్ చేసింది, అక్కడ కూడా స్కూల్, రోబోలు, తిరుగుబాటు ఉన్నాయి, కానీ హీరో లెలూష్‌కి స్కూల్ ప్రధానంగా ముసుగు, దాన్ని అడ్డం పెట్టుకుని బయట పని చేసుకుంటాడు. 2022లో వచ్చిన గుండం విచ్ ఫ్రమ్ మెర్క్యురీలో స్కూలే పందెం బరి, కంపెనీల గొడవలన్నీ పిల్లల డ్యూయెల్స్‌లో తేల్చుకుంటారు. రెండూ బాగుంటాయి. స్కూల్ అంటే పోగొట్టుకోకూడని చోటు అని ఇంత ఓపిగ్గా కట్టినది నేను చూసినంతలో ఫుల్ మెటల్ పానిక్ ఒక్కటే.

ఆర్డర్ విషయం: మొదటి సీజన్, ఫుమోఫు, సెకండ్ రెయిడ్, ఇన్విజిబుల్ విక్టరీ, వచ్చిన వరసలోనే. కొందరు ఫుమోఫు ముందు చూడమంటారు తేలికగా ఉంటుందని, నేను వద్దంటా, హెల్మజిస్తాన్ చూడకుండా ఫుమోఫు చూస్తే సోస్కే కేవలం జోకర్‌గా మిగిలిపోతాడు. మొదటి సీజన్‌ని సినిమాలుగా కుదించిన డైరెక్టర్స్ కట్ 2017-18లో వచ్చింది, అది ఇప్పటికే చూసిన వాళ్ళు గుర్తు చేసుకోవడానికి బాగుంటుంది, మీరు మాత్రం ఎపిసోడ్లే చూడండి. నాలుగూ అయ్యాక ముగింపు కావాలంటే నవలలే దిక్కు. 2024 నుంచి గాటో ఫ్యామిలీ అనే కొత్త నవలలు రాస్తున్నాడు, అందులో సోస్కే, కానమే పెళ్ళయి పిల్లలతో ఉంటారు, కాబట్టి చివరికి ఏమవుతుందో అన్న దిగులు పెట్టుకోకుండా చూడొచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సింది, ఒక సాయంత్రం ఖాళీ చూసుకుని నాలుగు, ఐదు, ఆరు, ఏడు ఎపిసోడ్లు ఒకే బిగిన చూడటం, మధ్యలో ఆపకుండా. ఏడో ఎపిసోడ్‌లో అర్బలెస్ట్ మొదటిసారి లేచే సీన్‌లో కానమే అతనితో మాట్లాడే మాటలు జాగ్రత్తగా వినండి. అప్పటికీ వాళ్ళిద్దరి మీద మీకు ఏ ఇష్టమూ కలగకపోతే వదిలేయండి, రోబో ఫైట్ల కోసం మాత్రమే అయితే ఇంతకంటే మంచివి వేరే ఉన్నాయి, అడగండి చెప్తా.